సర్దార్ చెవులు

రైలు నలభై నిమిషాలు లేటయింది. "టైం అంటే జర్మనోళ్లే అని ఫోన్ల తెగ చెప్తుంటివి గద," అని నా దోస్తు ఎత్తిపొడుస్తనే ఉన్నడు. "రైలు నేను నడుపుతున్ననారా?" అన్న. వానికి వినపడలే. మళ్ల అన్న, ఈసారి అరిచిన. పెట్టెల కూసున్నోళ్లు నలుగురైదుగురు తిరిగి చూసిన్రు. నాకు కోపం బిరాన వస్తది, గది మా ఇంటిల్లిపాదికి ఎరుకే. కని ఆ పొద్దు అరిచినంక నాకు భయమైంది. పక్క సీట్ల కూసున్నోనికి వినపడలేదంటే, ముచ్చట నేననుకున్న దానికన్న పెద్దదే.

మేమిద్దరం మానుకోటల ఇంటర్ చదివినం. నాది కేసముద్రం, వానిది కాటారం దిక్కు ఒక ఊరు. హాస్టల్ల ఒకటే రూం, ఒకటే బకెట్టు. వాళ్ల బాపు భూపాలపల్లిల బొగ్గు బాయిల పనిచేసేటోడు. మా దిక్కు బొగ్గు గనిని బాయి అనే అంటరు. ఇంటర్ అయిన యాడాదికే ఆయన పానం ఖరాబై పని ఇడిసిపెడితే, ఆ కొలువు వీనికొచ్చింది. నేను ఇంజనీరింగ్ చదివి, తిరిగి తిరిగి ఇక్కడ తేలిన. ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీల మిషన్లు చెడిపోతే బాగుచేస్త. చదువుల వాడే నాకన్న ముందుండె. ఆ మాట నేను ఎన్నడు వానితోని అనలే, వాడు నాతోని అనలే.

వాడిప్పుడు బాయిల సర్దార్. అంటే తలపాగ కట్టుకునే సర్దార్ కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికన్న ముందు లోపటికి పోయేటోడు సర్దార్. చేతిల ఇనుప పొన్ను తొడిగిన కర్ర ఉంటది. దాంతోని పైన బండను కొట్టుకుంట పోతడు. గట్టి బండైతే ఖంగుమంటది. లోపల పాయ విడిసి ఊడేటట్టుంటే బొద్దుగ, డొల్లగ మోగుతది. సంతల కుండ కొనేటప్పుడు మా అవ్వ ఏలితోని కొట్టి చూసేది సూడు, అచ్చం గట్లనే. మంచిగుంటే సుద్దముక్కతోని తారీఖు ఏసి, తన పేరు మొదటి అక్షరం రాస్తడు. ఆ రాత చూసినంకనే ఎనుక ఇరవై మంది లోపటికొస్తరు. గంతే వాని పని. చెవులే వాని కొలువు.

పైకప్పును ఆపే కొత్త మిషను నేర్చుకునేందుకు బాయిలకెళ్లి ఆరుగురిని ఈ దేశం పంపిన్రు, పదిహేను రోజులకు. అందుల వాడొకడు. వచ్చిన నాలుగో రోజు ఫోన్ జేసిండు. "ఒక పనుంది. ఎవ్వలకు చెప్పకు. ఎడమ చెవి పనిచేస్తలేదురా. కుడిది గూడ అనుమానమే. అక్కడ మా దవాఖానల చూపిస్తే కాయితం మీద ఎక్కుతది. ఎక్కితే నన్ను మళ్ల లోపటికి పోనియ్యరు. ఇక్కడ నన్ను ఎరిగినోడు ఎవడు లేడు గద. ఒక్కసారి పరీక్ష చేయించు. మంచిగున్నదంటే నిమ్మలంగ పోత."

"మంచిగ లేదంటే?" అని అడిగిన.

"గప్పుడు చూద్దాం," అన్నడు.

ఇక్కడ చెవి మిషన్లు అమ్మే దుకాన్లల్ల పైస తీసుకోకుంట పరీక్ష చేస్తరు. వాడుండే చోటు, నేనుండే చోటు, రెండిటికి దగ్గర్ల గోస్లార్ అనే పాత ఊరున్నది. శనివారం అక్కడికి పోదామనుకొని, తొవ్వల స్టేషన్ల వాన్ని ఎక్కించుకున్న. దుకాణం ఒంటిగంటకు మూస్తరని నాకు ఎరుకే. రైలు లేటయితదని ఎరుక లేదు. మేం దిగేసరికి ఒంటిగంట దాటింది, అద్దాల తలుపుకు తాళమున్నది, పైన వాన. సోమారం దాక తెరువరు. సోమారం వానికి ట్రైనింగు, నాకు డ్యూటీ.

నేను రైలును తిట్టిన, దుకాణమోన్ని తిట్టిన, నన్ను నేను తిట్టుకున్న. వాడు మాత్రం నవ్వి, "పోనీ తియ్యి, ఊరు చూపియ్యి," అన్నడు. వానికి సంబురమైనట్టే అనిపించింది. పరీక్షకు చదవనోనికి బడి బందయినట్టు.

ఇద్దరికి ఒకటే గొడుగు. అదీ నాదే, ఒక పుల్ల విరిగింది. సన్నటి గల్లీలు, నున్నగ అరిగిన రాళ్లు పరిచిన బాట. వాన నీళ్లు ఆ రాళ్ల సందులల్లకెళ్లి పారుతున్నయి. ఇండ్లు ఎప్పటివో, ఐదారు వందల ఏండ్లవి గూడ ఉన్నయంటరు. చెక్క దూలాలు నిలువు, అడ్డం, ఏటవాలు పెట్టి, నడుమ గోడ నింపి కట్టిన్రు. వేరేటోళ్లయితే రంగులు, పూలకుండీలు చూస్తరు. వీడు దూలాలే చూసిండు. ప్రతి ఇంటి ముందట ఆగుడు, మెడ ఎత్తుడు. "గీయన సపోర్టు మంచిగిచ్చిండు. గీ ఇంటోడు మాత్రం ఖర్చుకు ఎనుకాడిండు, చూడు, మీది అంతస్తు ఎట్ల ముందటికి ఒరిగిందో. మా దాంట్ల గిట్ల పెడితే మేనేజరు తోలు తీస్తడు." నాలుగేండ్ల సంది ఈ దేశంల ఉంటున్న, ఒక్క ఇంటిని గూడ గట్ల చూడలే నేను.

కొన్ని ఇండ్లకు గోడల మీద గూడ నల్లటి రాతి పలకలు చేప పొలుసు లెక్క కప్పిన్రు. చుట్టుపక్కల గుట్టలల్ల దొరికే పలకరాయి అది. వాడు గోడకు చెయ్యి ఆనించి, ఏలి కణుపుతోని రెండు దెబ్బలు కొట్టిండు. కిటికీలకెళ్లి ఒక ముసలామె తొంగి చూసింది. "వారీ, కొట్టకురా, పోలీసోన్ని పిలుస్తది," అని వాని చెయ్యి గుంజిన. వాడు ఆమెకు రెండు చేతులు జోడించి దండం పెట్టిండు. ఆమె గూడ ఎందుకో తల ఊపింది.

ఒక కమాను కింద నిలబడి, నేను తెచ్చిన పులిహోర తిన్నం. చల్లగయింది, ముద్ద కట్టింది. వాడు ఏలు నాక్కుంట, "నీకు వంట రాదని మానుకోటలనే చెప్పిన," అన్నడు. నేను పొద్దుగాల ఐదింటికి లేసి వండితే గిదా మాట. "డబ్బ ఖాళీ చేసినంక చెప్తున్నవ్," అన్న. మొఖానికి ఎదురుగ ఉండి చెప్తే వానికి అన్నీ తెలుస్తున్నయి. పక్కకుండి అంటే తెలుస్తలేవు. పెదవులు చూసి అందుకుంటున్నడని అప్పుడు సమజయింది.

మూడింటికి ఊరి నడిమిట్ల చౌరస్తాకు పోయినం. నడుమ ఫౌంటెను, దాని మీద బంగారు పూత పూసిన పక్షి, వానల తడుసుకుంట నిలబడ్డది. ఎదురుగ ఒక ఇంటి మీద గంటల గడియారం. టైం కాంగనే చిన్న చిన్న తలుపులు తెరుసుకొని బొమ్మలు బయటికొస్తయి. ఆ బొమ్మలు గని పనోళ్లవే. ఈ ఊరి గుట్టల వెయ్యేండ్లు వెండి, రాగి తవ్విన్రు, ఆ కథనే బొమ్మలు చెప్తయి. గొడుగులు పట్టుకొని యాభై మంది దాక నిలబడ్డరు. గంటలు మొదలైనయి, సన్నటి గంటలు. అందరు గమ్మున వింటున్నరు.

"నెత్తికి టోపీ చూడు, చేతిల సుత్తె చూడు, మనోళ్లేరా!" అని వాడు గట్టిగ అన్నడు. గంటలింకా మోగుతనే ఉన్నయి. ముందటోళ్లు తిరిగి చూసిన్రు. "సప్పుడెప్పుడు చేస్తది గిది? బొమ్మలేనా?" అన్నడు.

"అయిపోయింది," అన్న. అది ఆ పొద్దు నేను చెప్పిన మొదటి అబద్ధం.

ఆ బొమ్మలు చూసినంక వానికి ఆ గని చూడాలనిపించింది. ఊరవతల గుట్ట మొదట్ల ఉన్నది, ఇప్పుడు తవ్వకం బందువెట్టి జనానికి చూపిస్తున్నరు. నాకు పోబుద్ది కాలే. వాన సాకు చెప్పిన, ఆకలి సాకు చెప్పిన. "లోపల వాన పడుతదారా?" అని నన్ను బస్సెక్కించిండు.

మాకు హెల్మెట్లు ఇచ్చిన్రు. హెల్మెట్ నెత్తి మీదికి రాంగనే వాని నడకనే మారింది. అప్పటిదాక నా ఎనుక ఒదిగి నడిసినోడు ముందటికొచ్చిండు. తీసుకపోయేటాయన డెబ్బై దాటిన ముసలాయన, తెల్ల మీసాలు, ఆ గనిలనే ఒకప్పుడు పనిచేసినోడు. మాతోపాటు ఇంకో పది మంది ఉన్నరు. సల్లగున్నది, గోడలెంబడి నీళ్లు కారుతున్నయి. లోపల తాటిచెట్టంత ఎత్తున్న చెక్క చక్రాలున్నయి, కరెంటు లేని కాలంల నీళ్లతోని తిప్పేటియి. ముసలాయన చెప్పింది నేను తెలుగుల చెప్పుడు, వాడు తల ఊపుడు. సగం నాకన్న ముందే వానికి సమజైతున్నయి.

ఒక మూల జర వెడల్పుగున్న జాగల ఆగినం. అక్కడ తల మీద రెండు బండలున్నయి, చూసేటోళ్ల కోసం అమర్చినయి. ఒకటి గట్టిది, ఒకటి కావాలనే లోపల డొల్లగ పెట్టింది. పాతకాలం పనోళ్లు బండను ఎట్ల పరీక్ష చేసేటోళ్లో ఎవలన్న చేసి చూడొచ్చని ముసలాయన ఇనుప పొన్నున్న కర్ర చూపించిండు. నేను తెలుగుల చెప్పేలోపే కర్ర వాని చేతిల ఉన్నది.

మొదటి బండను కొట్టిండు. ఖంగుమన్నది. రెండోదాన్ని కొట్టిండు. బొద్దుగ మోగింది, పగిలిన కుండ లెక్క. నా అసొంటి బ్రెడ్డు మిషన్ల పనోనికి గూడ తెలిసింది. పదేండ్ల పిల్ల ఒకతి ఉంటే ఆ పిల్లకు గూడ తెలిసి, వాళ్లమ్మ దిక్కు చూసి నవ్వింది. వాడు ఇంకోసారి కొట్టిండు, తల పక్కకు వంచి విన్నడు. ఇంకోసారి కొట్టిండు. నేను గోడ పట్టుకున్న. దొంగ దేవుడా, వీనికి తెల్వాలె, తెల్వాలె అనుకున్న.

వాడు అంగీ జేబులకెళ్లి సుద్దముక్క తీసిండు. అందరికి జేబుల పెన్నున్నట్టు వానికి సుద్దముక్క ఉంటదని నాకు అప్పటిదాక తెల్వది. ఆ రెండో బండ మీద తారీఖు ఏసిండు. కింద వాని అక్షరం రాసిండు. రాసి, పక్కకు జరిగి, మమ్ముల రమ్మన్నట్టు చెయ్యి ఊపిండు.

ముసలాయన పరుగెత్తుకొచ్చిండు. మ్యూజియం గోడ మీద రాస్తే కోపం రాదా మరి. "ఇతను గనిల పనిచేస్తడు, మా దేశంల. గిదే ఇతని పని, అలవాటుల రాసిండు," అని నేను వాళ్ల భాషల గబగబ చెప్పిన. ఆయన మొఖం మెత్తబడ్డది. వాని భుజం మీద చెయ్యేసిండు. మళ్ల ఆ రాత దిక్కు చూసి, నా దిక్కు చూసి, మెల్లగ అన్నడు: "మీ దోస్తుకు చెప్పండి. ఆయన గుర్తు పెట్టింది డొల్ల రాయి మీద."

"ఏమంటున్నడు?" అని దోస్తు అడిగిండు. వాని మొఖంల ఎంత ఖుషీ ఉన్నదో. ఈ దేశమొచ్చినంక వాన్ని పనోడని గుర్తుపట్టినోడు ఆయనొక్కడే.

"మంచిగ చూసినవంటున్నడు. సరిగ్గ చెప్పినవంటున్నడు," అన్న.

వాడు నవ్విండు. ఆ నవ్వు చూసిన ముసలాయనకు, నేను ఇంకేదో చెప్పిన్నని తెలిసిపోయింది. వాని ఎడమ చెయ్యి పట్టి ఆ బండకు ఆనించిండు, కర్ర తీసుకొని పక్కన మెల్లగ కొట్టిండు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. మళ్ల ఆ చెయ్యిని మొదటి బండకు ఆనించి కొట్టిండు. లోపల పాయ విడిసిన బండ అరచేతికి వణుకుతదట. గట్టి బండ వణకదట. అది నాకు తెల్వది, వాళ్లిద్దరికి తెలుసు.

వాని నవ్వు ఆగింది. చెయ్యి తీసుకొని ప్యాంటుకు తుడుసుకున్నడు. ముసలాయనకు తల వంచి దండం పెట్టి, సుద్ద రాతను తన రుమాలుతోని తనే తుడిసిండు. నాకన్న ముందే బయటికి నడిసిండు.

బస్ స్టాప్‌ల నిలబడ్డం. వాన జోరందుకున్నది.

"ముసలాయన నీకేమన్నడు?" అన్నడు.

"చెప్పిన గద."

"నువ్వు చెప్పింది కాదు. ఆయన అన్నది చెప్పు."

"డొల్ల రాయి మీద గుర్తు పెట్టినవన్నడు."

"మరి నాకు గట్లెందుకు చెప్పినవ్?"

"నీ మొఖం చూసి నోరు రాలేదురా," అన్న. నాకు సిగ్గయింది. సిగ్గయితే నాకు కోపమొస్తది. "ముందు నువ్వు చెప్పు. వినపడనోనివి ఎట్ల దిగుతున్నవ్ లోపటికి? నీ ఎనుక ఇరవై మంది వస్తరంటివి. వాళ్లకు పెండ్లాం పిల్లలు లేరా?" అని అరిచిన. అది వానికి మంచిగనే వినపడ్డది.

వాడు నన్ను తిట్టలే. నిమ్మలంగ చెప్పిండు. మూడు నెలల కింద, వాడు గుర్తు పెట్టిన చోట మంచమంత పెళ్ల ఊడి పడ్డది. ఆ టైంకు అక్కడ ఎవ్వలు లేరు. వాని కింద సపోర్టులు పెట్టే ఒక పెద్దమనిషి ఉన్నడు, గూడూరు దిక్కాయన, రిటైరుకు దగ్గర పడ్డడు, వీడు కాక అని పిలుస్తడు. ఆ కాక అప్పుడే అందర్ని మంచినీళ్లకని బయటికి పిలిచిండు. "అదృష్టమనుకున్న. ఆ పొద్దు నుంచే చెవి మీద అనుమానం. వారం దినాలు నిద్ర పట్టలే. అయినా దిగిన. పైకొస్తే ఏం చెయ్యాలె నేను? దిగేటోళ్లకు ల్యాంపులు ఇచ్చుకుంట కిటికీ కాడ కూసోవాల్నా? పదిహేడేండ్ల సంది నేను సరే అంటెనే మంది లోపటికొచ్చిన్రు. అది ఇడిసిపెట్ట బుద్ది కాలేదురా. గంతే, వేరే ఏం లేదు."

బస్సొచ్చే దిక్కు చూసుకుంట మళ్ల అన్నడు. "కని ఇయ్యాల నువ్వు గూడ నా మొఖం చూసి అబద్ధం చెప్పినవ్. అక్కడ నాకన్న చిన్నోళ్లు, నా కింద పనిచేసేటోళ్లు, వాళ్లెట్ల చెప్తరు నిజం?"

"తప్పయింది," అన్న. బస్సు సప్పుడుల వానికి వినపడిందో లేదో.

స్టేషన్ల ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూసున్నం. రైలుకు ఇంకా టైమున్నది. వాడు ఫోన్ తీసి కాకకు కలిపిండు. ఆయన ఎత్తంగనే, హలో గూడ అనకుంట చెప్పేసిండు. "కాకా, నాకు చెవులు పోయినయ్. వచ్చే వారం రాంగనే దవాఖానకు పోయి రాయించుకుంట. ఇగ నేను దిగ. నువ్వు సీనియరువు, నీకు ముందుగాల చెప్పాలనిపించింది."

అవతల కాక ఏదో అంటున్నడు. రేకుల మీద వాన సప్పుడు. వాడు ఫోన్ ఈ చెవికి పెట్టిండు, ఆ చెవికి పెట్టిండు. చివరికి నా చేతికిచ్చిండు. "నాకు సమజైతలేదు. నువ్వు విని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నేను చెవికి పెట్టుకున్న. "నేను వాని దోస్తును కాకా, చెప్పు, నేను చెప్త," అన్న. ఆ ముసలి గొంతు జర ఆగి మొదలుపెట్టింది. కాక చెప్పుడు అయిపోయినంక ఫోన్ చేతిల పట్టుకొని కూసున్న.

"చెప్పు," అన్నడు వాడు.

వాని ఎదురుగ వచ్చి, మోకాళ్ల మీద కూసొని, పెదవులు కనపడేటట్టు గట్టిగ చెప్పిన. ప్లాట్‌ఫారం మీద ఎవలు చూసినా పట్టించుకోలే. "మంచిగ చేసినవ్ బిడ్డా అంటున్నడు. నువ్వు చూసి మలుపు తిరిగినంక, నీ ఎనుక ఆయన మళ్ల ఒకసారి కొట్టి చూసుకుంట వస్తున్నడట. ఆ పొద్దు మంచినీళ్లకు పిలిచింది గూడ గందుకేనట, పెళ్ల ఊడుతదని ఆయనకు వినపడ్డది. నీకు చెప్తే చిన్నబోతవని చెప్పలేదట. రోజు మొక్కుకొని దిగేటోన్ని అంటున్నడు. నువ్వు ఈ దేశం వచ్చినంక ఈ వారం దినాలే నిమ్మలంగ దిగిన అంటున్నడు."

వాడు నా నోటి దిక్కే చూస్తున్నడు.

"ఎన్ని రోజుల సంది చేస్తున్నడట గట్ల?" అని అడిగిండు. "మూడు నెలలేనా?"

వాని కండ్లల్ల అవునను అని అడుగుతున్నట్టే ఉన్నది. నేను మొఖం తిప్పుకోలే.

"యాడాది," అన్న.